టాప్ మోడల్ బండిలో ముందు సీటు

బాలనాగమ్మ ఆ కార్ల షోరూముకు రావడం అది మూడోసారి. మొదటిసారి బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, వాళ్లిచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయింది. రెండోసారి వెనక సీట్లో అరగంట కూర్చుని, నొప్పి మోకాలు చాచుకుని, "బాగుండాది గానీ..." అంటూ దిగిపోయింది. ఆ 'గానీ' వెనక ఏముందో షోరూములో ఎవరికీ అంతుబట్టలేదు.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో ఒకే నగ కోసం ఆడమనిషి మూడోసారి మెట్లెక్కిందంటే ఇక కొనడానికే వచ్చిందని అర్థం. కార్లమ్మే ఇమ్మానుయేలు ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాడు గనక ఆ గుర్తునే నమ్ముకున్నాడు. ఆమె గుమ్మంలో కనపడగానే టై సర్దుకుని ఎదురెళ్లాడు.

"రాక్కా రా. ఈ పొద్దు బండి మీద నీ పేరు రాసేదే!"

"పేరు రాసేది తర్వాత. ముందు ఆ కుర్చీ ఫ్యాను కిందికి జరుపు నాయినా," అంది బాలనాగమ్మ.

ఆమె వెనకే మొగుడు ఈశ్వరయ్య, కూతురు శివలీల వచ్చారు. వాళ్లది వేముల దగ్గర పల్లె. ఒకప్పుడు రెండొందల గొర్రెలుండేవి. ఇప్పుడు నలభై గొర్రెలు, నాలుగెకరాల అరటి తోట. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టిన శివలీల పశువుల డాక్టరయింది. కమలాపురంలో ఉద్యోగం. అమ్మ మోకాలితో బస్సు మెట్లెక్కలేక కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోవడం ఒకరోజు కళ్లారా చూసి, ఆ సాయంత్రమే కారు కొంటానని ఒట్టు పెట్టుకుంది. కొంటే అన్నీ ఉన్న టాప్ మోడలే కొంటానంది. ఇంట్లో ఎవరూ కాదనలేదు. తోట బాగా కాసింది. ముగ్గురికీ బండి నచ్చింది.

తగవల్లా బండిలో ఒక్క సీటు గురించి.

పాతికేళ్ల కిందట, ఫ్యాక్షన్ రోజుల్లో, ఆ చుట్టుపక్కల పెద్దాయన అనిపించుకున్న ప్రతి నాయకుడికీ రెండు మూడు తెల్ల బండ్లుండేవి. నాయకుడంటే ముందు సీట్లో దర్జాగా కూర్చుంటాడని బయటి ఊళ్లవాళ్లు అనుకుంటారు. అసలు సంగతి వేరు. నాయకుడు మాసిన లుంగీ, గళ్ల చొక్కా వేసుకుని వెనక సీట్లో ఇద్దరి మధ్య నక్కి కూర్చునేవాడు. ముందు సీట్లో కూర్చునేది ఆయన పోలికలున్న ఇంకో మనిషి. గంజి పెట్టిన తెల్ల చొక్కా, నాయకుడి తీరునే కత్తిరించిన మీసం. బాంబు పడినా, రాయి పడినా ఆ మనిషి మీదే పడాలి. ఈశ్వరయ్య వాళ్ల పెద్దాయనంత ఎత్తు, పెద్దాయనంత భుజాలు. అదే అతను చేసుకున్న పాపం. పదకొండేళ్లు ముందు సీట్లో కూర్చున్నాడు. దానికి బదులుగా పెద్దాయన కొండ కింద బీడంతా అతని గొర్రెల మేతకు వదిలేశాడు.

ఆ తెల్ల చొక్కాలకు గంజి పెట్టింది బాలనాగమ్మే. ఒకసారి కావాలనే గంజి మానేసి ముడతల చొక్కాతో పంపించింది. ముడతల చొక్కావాణ్ని చూసి నాయకుడని ఎవరు అనుకుంటారులే అని ఆమె ఆశ. సాయంత్రానికల్లా పెద్దాయన ఇంటి నుంచి కొత్త ఇస్త్రీ పెట్టె వచ్చింది, బహుమానంగా.

దేవుడి దయ వల్ల పదకొండేళ్లలో ఒక్కసారి ముందు అద్దం మీద రాయి పడడం తప్ప ఏమీ కాలేదు. ఆ పొద్దు ఈశ్వరయ్య తలలో నుంచి గాజు ముక్కలు ఏరుకుంటూ ఇంటికొచ్చి, "ఏం ల్యా. అన్నం పెట్టు" అన్నాడు. అంత కాపాడుకున్న పెద్దాయన చివరికి ఆస్పత్రి మంచం మీద చక్కెర జబ్బుతో పోయాడు. ఫ్యాక్షన్లు సద్దుమణిగి పార్టీలు వచ్చాయి. కత్తులు పోయి కండువాలు వచ్చాయి. అంతా మారింది గానీ ఈశ్వరయ్యకు ముందు సీటు పిచ్చి మాత్రం పోలేదు. బస్సెక్కినా డ్రైవరు వెనక మొదటి సీటే. ఆటో ఎక్కినా డ్రైవరు పక్కనే. వెనక కూర్చుంటే తల తిరుగుతుందంటాడు.

"ఆయప్ప మళ్ల ముందర కూచునేట్టయితే నేను ఆ బండిలో కాలు పెట్టను," అని బాలనాగమ్మ కూతురితో తేల్చి చెప్పింది.

"ముందర కాకపోతే నేను యాడికీ రాను," అన్నాడు ఈశ్వరయ్య.

ఎవరి మోకాలి కోసం బండి కొంటున్నారో ఆమే ఎక్కనంటే ఇక ఆ బండెందుకు? శివలీల తల పట్టుకుంది.

ఇవేవీ తెలియని ఇమ్మానుయేలు ఉత్సాహంగా బండి తలుపులన్నీ తెరిచి పెట్టాడు. అతని తండ్రి మిషన్ బడిలో టీచరు. ఏ సంగతైనా మూడో తరగతి పిల్లలకు చెప్పినట్టు చెప్పడం కొడుక్కీ అబ్బింది. కంపెనీవాళ్లు అచ్చేసిచ్చిన ఇంగ్లీషు మాటల్ని పక్కన పెట్టి కడప జిల్లాకు అర్థమయ్యేలా సొంతంగా ఒక పాఠం తయారుచేసుకున్నాడు.

"ఇది చుట్టూ కెమెరా, మామా. బండికి నాలుగు దిక్కులా ఏముండాదో ఈ టీవీలో కనపడతాది. ముందర కాలంలో ఈ పనికి నలుగురు మనుషులు బండికి ఆపక్కా ఈపక్కా ఏలాడాల్సొస్తాండె."

"నేను ఏలాడలా," అన్నాడు ఈశ్వరయ్య మీసం సర్దుకుంటూ. "నాది ముందు సీటు."

బాలనాగమ్మ చూసిన చూపుకు అతని చెయ్యి మీసం మీద నుంచి కిందికి దిగింది.

"ముందర పోయే బండి ఉన్నట్టుండి ఆగిపోయిందనుకో, మనం సూడకపోయినా ఇదే బ్రేకు ఏసుకుంటాది. ఇంగ రోడ్డు మీద గీత దాటి పక్కకు పోతే స్టీరింగు చేతిలో వణికి హెచ్చరిక చేస్తాది."

"గీత దాటొద్దని హెచ్చరిక చేసే పని నేను ముప్పై ఐదేండ్ల నుంచి చేస్తాండా," అంది బాలనాగమ్మ. "నన్నెవురన్నా టాప్ మోడల్ అన్నారా?"

షోరూములో టీ తెచ్చే మనిషితో సహా అందరూ నవ్వారు. ఇమ్మానుయేలు ఊపు పెరిగింది.

"ఆరు గాలి సంచులు ఉండాయి అక్కా. ముందర రెండు, పక్కన రెండు, పైనుంచి తెర మాదిరి రెండు. బండి దేనికన్నా గుద్దుకుంటే రెప్పపాటులో ఉబ్బి మనిషిని దిండు మాదిరి పట్టుకుంటాయి."

"రాయి తగిల్తే?"

"రాయికి తెరుచుకోవక్కా. గట్టిగా గుద్దుకుంటేనే."

"బాంబుకు?"

ఇమ్మానుయేలు గొంతు సవరించుకున్నాడు. "ఆ పరీక్ష కంపెనీవాళ్లు చెయ్యలేదక్కా."

అతను తొందరగా మాట మార్చి అందరినీ బండి వెనక్కి తీసుకెళ్లాడు. రెండు చేతుల్లో సామాన్లున్నప్పుడు వెనక బంపరు కింద కాలు ఆడిస్తే చాలు, తలుపు దానంతటదే లేస్తుందన్నాడు. బాలనాగమ్మ అనుమానంగా మంచి కాలు ముందుకు చాచి ఆడించింది. తలుపు చిన్నగా మూలిగి, నిదానంగా పైకి లేచింది. ఆమె ఒక అడుగు వెనక్కి గెంతి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. మళ్లీ కాలు ఆడించింది. తలుపు దిగింది. మళ్లీ ఆడించింది.

"రెండు సంకల్లో రెండు గొర్రెపిల్లలుంటే ఇది శానా బాగా పనికొస్తాది," అంది.

శివలీల ఈశ్వరయ్య వైపు చూసింది. అమ్మ మెత్తబడుతోంది అన్నట్టు కళ్లతోనే చెప్పింది. సరిగ్గా అప్పుడే ఇమ్మానుయేలు ముందు తలుపు తెరిచి సీటు తోలు మీద సన్నని చిల్లులు చూపించాడు.

"కిందనుంచి చల్లగాలి వస్తాదక్కా ఈ చిల్లుల్లో. మే నెల్లో కూడా వీపు చెమట పట్టదు."

"అన్ని సీట్లకూ వస్తాదా?"

"ముందర రెండింటికే."

"చల్లగాలి ముందరోళ్లకే. టీవీ ముందరోళ్లకే. గాలి సంచులూ మొదట ముందరోళ్లకే," అంది బాలనాగమ్మ. ఆమె ముఖంలో నవ్వు పోయింది. "దేవుడు కూడా ఆ సీటు మీదికే తోస్తాండాడు ఈయప్పను."

అప్పటికి గానీ ఇమ్మానుయేలుకు ఆ 'గానీ' ఏమిటో తెలియలేదు. శివలీల రెండు ముక్కల్లో చెప్పింది. అతను మళ్లీ పాఠం ఎత్తుకోలేదు. అతని చిన్నప్పుడు వీధిలో పెద్ద బండి చప్పుడు వినిపిస్తే చాలు, తండ్రి పాఠం ఆపి పిల్లలందరినీ బల్లల కింద కూర్చోబెట్టేవాడు. అందుకే అతనికి ఇంకేం విడమరిచి చెప్పనక్కరలేదు.

"మా, ఒగసారి రోడ్డు మీద తోలి చూద్దాం," అంది శివలీల. "జమ్మలమడుగు దాకా పోయొద్దాం. ఆపైన కూడా నీకు వద్దనిపిస్తే వద్దు. నేను మళ్ల ఈ మాట ఎత్తను. ఇదే ఆఖరు."

బాలనాగమ్మ మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచింది. "సరే పద. ఈ పొద్దుకు ఆయప్ప యాడన్నా కూచోనీ. నేను తేల్చుకుంటా."

ఈశ్వరయ్య ఆ మాట పూర్తి కాకముందే ముందు తలుపు తెరుచుకుని కూర్చున్నాడు. శివలీల స్టీరింగు ముందు, బాలనాగమ్మ మొగుడి వెనక, ఆమె పక్కన ఇమ్మానుయేలు. తోలి చూడటానికి షోరూమువాళ్లు ఉంచిన బండి తెల్లది. ఈశ్వరయ్య చొక్కా కూడా తెల్లదే, గంజి పెట్టినదే. ఆ అలవాటూ పోలేదతనికి.

ఊరు దాటాక బండి నీళ్ల మీద పోతున్నట్టు సాగింది. ఏప్రిల్ ఎండ బయటే నిలిచిపోయింది. శనగ కోసేసిన నల్లరేగడి చేలు, నాపరాళ్లు నిలబెట్టి కట్టిన దొడ్లు, తారు మీద పాకే ఎండమావులు, అన్నీ చప్పుడు లేకుండా వెనక్కి పోతున్నాయి. బాలనాగమ్మ కాలి కింద అడ్డమేమీ లేదు. మోకాలు పూర్తిగా చాచుకుంది. బస్సులో మాదిరి పక్కనుంచి ఎవరి మోచెయ్యీ పొడవడం లేదు. ఎవరి బుట్టలో కోడీ కాళ్ల దగ్గర అరవడం లేదు. ఇమ్మానుయేలు కిటికీ అద్దానికి లోపల్నుంచి సన్నని తెర లాగి తగిలించాడు. సీటు వీపు మీట నొక్కి వెనక్కి వాల్చాడు. మోకాలి నొప్పి ఉన్నట్టు గుర్తు కూడా రాలేదు ఆమెకు. ఇన్ని సుఖాలు ఉన్నా ఆమె చూపు మాత్రం రోడ్డు మీద లేదు. ముందు సీట్లో మొగుడి మెడ మీద ఉంది.

జమ్మలమడుగు ఇంకా నాలుగు మైళ్లుందనగా ఒక ఊరి మొగదల జనం కనపడ్డారు. ఎన్నికల రోజులు. కండువాలు, జెండాలు, డప్పులు. పొద్దున్నుంచీ అభ్యర్థి కోసం ఎండలో కాచుకున్నట్టున్నారు. వాళ్లకు ఎవరో చెప్పిన గుర్తులు రెండే రెండు. కొత్త తెల్ల బండి, ముందు సీట్లో తెల్ల చొక్కా.

"వచ్చె! అన్న వచ్చె!"

డప్పులు ఒక్కసారిగా మోగాయి. జనం రోడ్డు నిండా పరుచుకున్నారు. శివలీల కాలు కదిలేలోపే బండి దానంతటదే గట్టిగా ఆగిపోయింది.

"చూసినారా, దానంతటదే!" అన్నాడు ఇమ్మానుయేలు ఆ గందరగోళంలో కూడా.

క్షణంలో బండి చుట్టూ చేతులే. ముందు టీవీలో నాలుగు దిక్కులా కండువాలే. బాలనాగమ్మ ముందుకు వంగి చూస్తే ఈశ్వరయ్య నిటారుగా కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి నిదానంగా పైకి లేచి అటూ ఇటూ ఊగుతోంది.

"నాయినా! చెయ్యి దించు!" అంది శివలీల.

"ఇప్పుడు దించితే అనుమానమొస్తాది," అన్నాడతను పెదాలు కదపకుండా.

ఎవరో తలుపు తట్టి తట్టి అద్దం దించేలా చేశారు. నడుం వంగిన ముసలామె ఒకతె లోపలికి తల పెట్టింది. "సామీ, మా వీధి కొళాయికి నెల నుంచి నీళ్లు రావడం ల్యా."

"సూస్తాంలేమ్మా," అన్నాడు ఈశ్వరయ్య, పెద్దాయన గొంతుతోనే.

"పైకి లేయన్నా! లేసి రొండు ముక్కలు మాట్లాడు!" అంటూ కుర్రవాళ్లు పైకప్పు మీద దరువు వేశారు.

"అది అద్దం నాయినలారా, కొట్టొద్దండి, డెమో బండి!" ఇమ్మానుయేలు వేడుకున్నాడు. కిటికీలు మూయబోయిన శివలీల కంగారులో వేరే మీట నొక్కింది. పైకప్పు అద్దం మెత్తగా జరిగి పూర్తిగా తెరుచుకుంది. అందులోంచి రెండు బుట్టల బంతిపూల రెక్కలు బాలనాగమ్మ నెత్తి మీద, ఇమ్మానుయేలు టై మీద కుమ్మరింపుగా పడ్డాయి. బాలనాగమ్మకు నవ్వొచ్చింది. నవ్వబోయింది కూడా.

అప్పుడు పేలాయి టపాకాయలు. మొదట సరం, ఆ వెంటనే బండి ముందే ఒక పెద్ద బాంబు.

బాలనాగమ్మ తల మోకాళ్లలోకి పోయింది. ఇమ్మానుయేలు సీటు కిందికి జారాడు. శివలీల చెవులు మూసుకుంది. పొగ పలచబడి బాలనాగమ్మ తలెత్తేసరికి ఈశ్వరయ్య అలాగే ఉన్నాడు. తల వంచలేదు. రొమ్ము విరుచుకుని, గడ్డం ఎత్తి, రాతిబొమ్మలా కూర్చున్నాడు. మెడ మీద ఒక నరం మాత్రం కొట్టుకుంటోంది. చల్లగాలి సీట్లో కూర్చున్నా చొక్కా కాలరు తడిసి చర్మానికి అంటుకుపోయింది.

వంగకూడదు. వంగితే నాయకుడు కాదని తెలిసిపోతుంది. అతనికి నేర్పింది అదే అయి ఉంటుంది.

పదకొండేళ్లు ఆమె ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని దేవుణ్ని ఒకటే అడిగేది. ఏదన్నా జరిగితే ఈయప్పకు చప్పున వంగే తెలివియ్యి సామీ అని. వంగుతాడన్న ధైర్యంతోనే చొక్కాలకు గంజి పెట్టింది. అతను ఎలా కూర్చునేవాడో ఆమె ఇంతవరకూ చూడలేదు. ఇప్పుడు చూసింది.

ఆమె తలుపు తెరుచుకుని కిందికి దిగింది. మోకాలి సంగతే గుర్తు లేదు. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వెళ్లి ముందు తలుపు బార్లా తెరిచింది.

"దిగు మామా."

"ఏమ్మే, ఇప్పుడా?"

"ఇప్పుడే. దిగు. ఎనక్కి పో."

దండ పట్టుకున్న కుర్రవాడు కంగారుపడ్డాడు. "అమ్మా అమ్మా, అన్నను దింపొద్దు. దండ ఎయ్యాల."

"ఈయప్ప మీ అన్న కాదు నాయినా. నా మొగుడు. వేముల కాడ అరిటి పండిస్తాడు."

డప్పులు ఒక్కొక్కటే ఆగాయి. కుర్రవాడు ఈశ్వరయ్యను పైనుంచి కింది దాకా చూశాడు. "మల్ల చెయ్యి ఊపె కదమ్మా?"

"నా కొళాయి?" అంది ముసలామె.

ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు గుంపంతా పాకింది. బండి దిగిన ఈశ్వరయ్య ఏం చెయ్యాలో తెలియక ఆ ముసలామెకే నమస్కారం పెట్టాడు. అంతలో గుంపులోంచి ఒక నెరిసిన గడ్డం మనిషి ముందుకొచ్చి అతని ముఖంలోకి తేరిపార చూశాడు.

"పులివెందుల రోడ్డులో తెల్ల బండి... ముందు సీటు... నువ్వే కదప్పా?"

"నువ్వెవురు?"

"కమాల్ బాషా. నీకు నేను తెల్దులే. నాకు నువ్వు బాగా తెల్సు. మీ బండి ఎనకాల మూడు నెల్లు తిరిగినా, అవతలోళ్ల తరఫున. నువ్వే పెద్దాయన అనుకుంటిమి కదప్పా!"

బాలనాగమ్మ చెయ్యి తలుపు మీద బిగుసుకుంది.

"మల్ల ఏమీ చెయ్యకపోతివే?" అన్నాడు ఈశ్వరయ్య.

"ప్రతిసారీ ఏదో అడ్డమొచ్చె. ఒగసారి గొర్రెలు. ఒగసారి పెండ్లి మేళం. ఒగసారి మీ బండిలో పెద్దాయన చెల్లెలు పురిటికి పోతాండె. ఆడోళ్లున్న బండిని మేము ముట్టేది ల్యా కదా." కమాల్ బాషా దండ అందుకుని ఈశ్వరయ్య మెడలో వేశాడు. "ఇప్పుడు సూడప్పా. మీ పెద్దాయన కొడుకు, మా పెద్దాయన కొడుకు, ఇద్దరూ ఒగే కండువా ఏసుకుని ఒగే బండిలో వస్తాండారంట. వాళ్ల కోసమే మేము పొద్దున్నుంచి ఎండుతాండేది. మనిద్దరం తిక్కోళ్లం."

ఈశ్వరయ్య ముందు చిన్నగా, తర్వాత దండ ఊగేలా నవ్వాడు. కమాల్ బాషా అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. తర్వాత ముందు తలుపు దగ్గరికొచ్చి, ఆ సీట్లోకి ఎక్కబోయిన బాలనాగమ్మ మోకాలు వంచలేక ఇబ్బంది పడుతుంటే పట్టుకోవడానికి చెయ్యి అందించి, "నిదానంగా ఎక్కు చెల్లెమ్మా" అన్నాడు. ఆమె ఎక్కి కూర్చున్నాక కొంగు తలుపులో పడకుండా లోపలికి సర్ది తలుపు వేశాడు. జనం దారి ఇచ్చారు.

బండి కదిలింది. సీటు కిందనుంచి చల్లని గాలి వీపుకు తగిలి బాలనాగమ్మ ఉలిక్కిపడింది. తర్వాత సర్దుకుని ఆనుకుంది. ముందరి పెద్ద అద్దంలోంచి రోడ్డు మొత్తం ఆమె ఒళ్లోకి వచ్చి పడుతున్నట్టుంది. అరవయ్యేళ్లు వస్తున్నాయి, ఒక్కసారి కూడా రోడ్డును ముందునుంచి చూడలేదామె. ఎప్పుడూ ఎవరి భుజమో, ఎవరి నెత్తి మీద మూటో అడ్డంగా ఉండేది. ఇంత వెడల్పుగా ఉంటుందా రోడ్డు అనుకుంది.

"నాకు తల తిరుగుతాంది," అన్నాడు వెనకనుంచి ఈశ్వరయ్య.

"కండ్లు మూసుకో."

"ఎనక కూచుంటే నాకు పడదని చెప్పలా?"

"మూసుకో మామా. రోడ్డు నేను సూస్తాండా కదా."

ఇంకో మైలు పోయేసరికి వెనకనుంచి సణుగుడు ఆగింది. తర్వాత వేరే చప్పుడు మొదలైంది. ఇమ్మానుయేలు ముందుకు వంగి గుసగుసగా చెప్పాడు. "అక్కా, మామ నిద్రపోయినాడు."

బాలనాగమ్మ మెడ తిప్పి చూసింది. ఈశ్వరయ్య తల ఒక పక్కకు వాలిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. చొక్కా ఇస్త్రీ పూర్తిగా నలిగిపోయింది. మెడలో దండ గురకకు పైకీ కిందికీ కదులుతోంది. శివలీల అద్దంలో చూసి నమ్మలేనట్టు కళ్లు పెద్దవి చేసింది. పదకొండేళ్లు బండిలో రెప్ప వాల్చని మనిషి, ఆ తర్వాత ఇన్నేళ్లూ బస్సులో కూడా కునుకు తియ్యని మనిషి.

"సీటు కొంచెం వాల్చు నాయినా," అంది బాలనాగమ్మ. "ఎండ మొగాన పడకుండా తెర లాగు. ఎనక్కి చల్లగాలి వస్తాదా?"

"వస్తాదక్కా, మధ్యలో రంధ్రాలుండాయి." ఇమ్మానుయేలు శబ్దం కాకుండా గాలి ఈశ్వరయ్య వైపు తిప్పాడు.

"ఇంగ ఈ ముందు సీటు నాది. ఆయప్ప దాంట్లో కూచునే పని ల్యా. బండి రాసుకో."

శివలీల పెదాలు కొరుక్కుని నవ్వు ఆపుకుంది. ఇమ్మానుయేలు జేబులోంచి కాగితం తీసి, అది ఫరఫరలాడకుండా మెల్లగా మడత విప్పాడు.

జమ్మలమడుగు వచ్చింది. బస్టాండు ముందు శివలీల బండి నెమ్మది చేసింది. "మా, ఈడ తిప్పుకుందామా? ఇమ్మానుయేలన్నకు ఆలస్యమవుతాది."

"మేనేజరుకు నేను చెప్పుకుంటాలే," అన్నాడు ఇమ్మానుయేలు మెల్లగా.

"తిప్పొద్దు," అంది బాలనాగమ్మ. "తిప్పితే కుదుపుకు లేస్తాడు. తిన్నగా పోనీ. పెన్న వంతెన దాటి పోదాం."

ముందు గడ్డి వేసుకున్న ట్రాక్టరు ఒకటి నింపాదిగా పోతోంది. బాలనాగమ్మ కుడికాలు ఆమెకు తెలియకుండానే కింద లేని బ్రేకును తొక్కింది.

"నిదానంగా అమ్మీ," అంది ఆమె, రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా. "హారన్ మాత్రం కొట్టొద్దు."